లంద నుండి పందెపు బాట దాకా

బ్రేకు అన్న మాటను మనం ఎన్నడూ తెలుగు చేసుకోలేదు. గతిరోధకమని ఎవరైనా సంస్కృతంలో పోతపోయవచ్చు గాని, సత్తెనపల్లిలో ఏ మెకానిక్కు దగ్గరకైనా పోయి ఆ మాటంటే అతడు మన వంక జాలిగా చూసి, చేతిలోని పానా పక్కన పెడతాడు. మాట లేకపోవడానికి కారణం ఉన్నది. మన ఎద్దుల బండికి బ్రేకు లేదు. అక్కడ ఆపవలసినది చక్రాన్ని కాదు, ఎద్దులను. పగ్గం బిగబట్టి ఒక్క కేక వేస్తే అవే ఆగుతాయి. ప్రాణమున్న జంతువుకు ఆగడం తెలుసు, ఇంజనుకు తెలియదు. దానికి వేరే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు మన దాకా రావడానికి పట్టిన కాలం ఒక చరిత్ర. దానికి జంటగా మరొక చరిత్ర ఉన్నది, అది తోలుది. ఆపలేకపోయిన నాడు మనిషిని కాచేది అదే.

ఈ రెంటినీ కలిపి ఆలోచించవలసిన అవసరం మా మేనల్లుడి వలన కలిగింది. వాడిది సత్తెనపల్లి. తండ్రిది పత్తి, మిరప వ్యవసాయం. వీడికి మోటారుసైకిలు పిచ్చి. పోయిన శీతకాలంలో మద్రాసు దాపున ఉన్న ఇరుంగట్టుకోట్టై పందెపు బాట మీద ఒక రోజు శిక్షణకు వెళ్ళి, అద్దెకు తెచ్చుకున్న తోలు సూటు వేసుకుని తిరిగాడు. ఇక ఆ రుచి వదలలేదు. రెండేళ్ళ జీతంలో మిగుల్చుకున్నది 60 వేల రూపాయలు. "మావయ్యా, ముందు బ్రేకులు మార్చనా, సూటు కొననా?" అని అడిగాడు. నేను పాతికేళ్ళు మద్రాసులో ఉన్నవాణ్ణి, పందేలు చూసినవాణ్ణే తప్ప బాటలోకి దిగినవాణ్ణి కాను. ఏ కంపెనీ సరుకు మంచిదో చెప్పడానికి వాడి స్నేహితులు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగినది, ఈ వస్తువులు ఎందుకు పుట్టాయన్నది మాత్రమే. అది తెలిస్తే ఏది ముందు కొనాలో దానంతటదే తేలుతుందని నా నమ్మకం.

* * *

మన ప్రాంతపు కుర్రకారుకు పందెమంటే చాలాకాలం పాటు షోలవరమే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వేసిన విమానాల బాట అది, మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు, ఒంగోలు మీదుగా కలకత్తా పోయే పెద్దరోడ్డు పక్కన. యుద్ధం ముగిసి విమానాలు పోయాయి, సిమెంటు బాట మిగిలింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఆ బాట మీద దశాబ్దాల పాటు పందేలు నడిపింది. 1980ల మధ్యలో ఒకసారి గుంటూరు నుండి రాత్రి రైల్లో పోయి నేనూ చూశాను. జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. దుమ్ము, ఎండ, టూ స్ట్రోక్ ఇంజన్ల నూనె పొగ. ఆ వాసన కొందరికి మల్లెపూల కంటె ప్రియమని ఆ రోజునే తెలిసింది. నా కంటికి ఆనాడు బాగా ఆనినది వేగం కాదు. తిన్నటి బాట చివర మలుపు వచ్చేచోట బండ్లు ఎలా నెమ్మదిస్తున్నాయన్నది. కొందరు ఎంతో ముందుగానే యాక్సిలరేటరు వదిలేసేవారు. కొందరు చివరిదాకా వచ్చి, బ్రేకు పట్టి, గేరు మీద గేరు దించుతూ ఇంజను చేతనే బండిని ఆపించేవారు. ఆ దించడంలో ఇంజను పెట్టే కేక ఇప్పటికీ చెవిలో ఉన్నది.

ఎందుకలా? నాటి మన బండ్ల బ్రేకులు అంతే గనుక.

1902 ఒక్క సంవత్సరంలోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు, ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును తీర్చిదిద్దాడు. అన్నదమ్ముల్లాంటి ఈ రెండింటిలో అర్ధశతాబ్దం పాటు డ్రమ్ముదే రాజ్యం. కారణం సులువైనదే. డ్రమ్ము లోపలి అర్ధచంద్రాకారపు షూలలో ముందు నడిచే షూను తిరుగుతున్న డ్రమ్మే తనలోకి లాక్కుంటుంది. రౌతు చేతిబలానికి చక్రం బలం తోడవుతుంది. సన్నని తీగె ఒకటి చాలు, నూనె గొట్టాలు అక్కరలేదు. వాన నీరు, నల్లరేగడి బురద లోపలికి అంతగా చేరవు. మన ఊరి డొంకలకు ఇంతకంటె అనువైనది లేదు.

దాని చిక్కంతా వేడితోనే. బ్రేకు చేసే పని ఒక్కటే, వేగాన్ని వేడిగా మార్చడం. బండీ మనిషీ కలిసి 220 కిలోలనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ బరువును నిలువునా ఆపితే పుట్టే వేడి, గది చల్లదనంలో ఉన్న పావులీటరు నీటిని మరిగించడానికి చాలు. 50 కిలోమీటర్ల వేగంలో ఆపితే అందులో సగం కాదు, పావువంతు. వేగం రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. సత్తెనపల్లి నుండి గుంటూరు పోయే రోడ్డు మీద మనకు గట్టిగా బ్రేకు పట్టవలసిన పని, ఏ గేదో అడ్డం వస్తే, ఒకటి రెండుసార్లు. పందెపు బాట మీద అది ప్రతి చుట్టులోనూ ఐదారు మార్లు, ఇరవై నిమిషాల పాటు. ఆ వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. లైనింగు కాలి నున్నబడుతుంది. లివరు పట్టుకొద్దీ లోపలికి వస్తుంది గాని బండి ఆగదు. డిస్కులో దీనికి విపర్యయం. పళ్ళెం వేడెక్కితే మందమవుతుంది, అంటే ప్యాడ్ల వైపుకే జరుగుతుంది. పైగా గాలికి బయటనే ఉంటుంది గనుక చల్లారడం త్వరగా జరుగుతుంది. 1953లో ఫ్రాన్సులోని లమాన్ 24 గంటల పందెంలో జాగ్వార్ కార్లు డిస్కు బ్రేకులతో గెలిచిన తరువాత ప్రపంచానికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మోటారుసైకిళ్ళలో 1969 నాటి హోండా సి.బి. 750 హైడ్రాలిక్ డిస్కును మామూలు కొనుగోలుదారుడి దాకా తెచ్చింది.

ఇక మన దేశంలో జరిగిన కథ. యమహా ఆర్.డి. 350 జపానులో 1973లో వచ్చినప్పుడు దానికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్నది. పదేళ్ళ తరువాత, 1983లో, ఎస్కార్ట్స్ వారు అదే బండిని రాజ్‌దూత్ 350 అన్న పేరిట ఫరీదాబాదులో తయారుచేయడం మొదలుపెట్టారు. ఇంజను అదే, ఆరు గేర్లు అవే, ముప్ఫై గుర్రాల శక్తి. డిస్కు మాత్రం పోయి దాని స్థానంలో డ్రమ్ము వచ్చింది. ధర తగ్గించాలన్నది కారణం. అదీ రెండు లీడింగు షూల మంచి డ్రమ్మే, కాదనను. కాని నాటి బుల్లెట్టుకు, ఎజ్డీకి అలవాటుపడిన చేయి ఆ బండి మీద పడితే ఏమవుతుందో ఊహించవచ్చు. పందెం కోసం రూపొందినదన్న అర్థం వచ్చే ఆ రెండక్షరాలకు కుర్రవాళ్ళు 'ర్యాపిడ్ డెత్' అని వేరే వివరణ చెప్పుకున్నారు. వేగం దిగుమతి చేసుకున్నాం, ఆపే సాధనాన్ని ఓడలోనే వదిలేశాం. మన దేశంలో ఇది ఒక్క మోటారుసైకిలు విషయంలోనే జరిగిందా అన్నది వేరే చర్చ.

1985లో వచ్చిన ఆర్.ఎక్స్. 100ది కూడా డ్రమ్మే. గుంటూరు జిల్లాలో ఆ బండి చప్పుడు వినని కాలేజీ ఉండేది కాదు. 1999లో హీరో హోండా సి.బి.జెడ్., 2001లో బజాజ్ పల్సర్ వచ్చాక గాని ముందు డిస్కు బ్రేకు మన మధ్యతరగతి ఇళ్ళ ముంగిట నిలువలేదు. లాంచెస్టర్ పేటెంటు నుండి లెక్కవేస్తే దాదాపు నూరేళ్ళు. ఆ తరువాత పరుగు త్వరగానే సాగింది. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. దాటిన కొత్త బండ్లన్నిటికీ చక్రం బిగుసుకుపోకుండా కాచే ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది.

షోలవరం 1990 నాటికి చరిత్రలో కలిసింది. ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల కొత్త బాట అదే ఏడు మొదలయింది. సత్తెనపల్లి నుండి నాలుగువందల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం నడిచింది గాని, అది ఊరి రోడ్ల మీద తాత్కాలికంగా కట్టిన బాట. మన కుర్రవాళ్ళకు ఉన్న మరొక ఆధారం కోయంబత్తూరు వద్ద 2003లో తెరిచిన కరి మోటార్ స్పీడ్‌వే. ఆ పేరు, 1995లో విమాన ప్రమాదంలో పోయిన పందెగాడు కరివర్ధన్‌ది. ఆయన లక్ష్మీ మిల్స్ కుటుంబంవాడు. ఆ నూలుమిల్లుల నాయుళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడేవారే. అన్నట్టు, అదే కోయంబత్తూరు తెలుగువాడు జి.డి. నాయుడు కుర్రతనంలో ఒక తెల్లదొర రడ్జ్ మోటారుసైకిలు చూసి మనసుపడి, హోటల్లో వడ్డనపని చేసి డబ్బు కూడబెట్టి దానిని కొని, మొత్తం విప్పి మళ్ళీ బిగించాడన్న కథ ప్రసిద్ధమే. పత్తి పండే నేలకూ మోటారుకూ ఏదో చుట్టరికం ఉన్నట్టున్నది.

* * *

మేనల్లుడి ప్రశ్నలోని మొదటి సగానికి వస్తాను. వాడి బండికి ఇప్పటికే మంచి డిస్కు ఉన్నది, ఎ.బి.ఎస్. ఉన్నది. వాడి కోరిక, నాలుగు పిస్టన్ల ఇటలీ క్యాలిపరు ఒకటి తెచ్చి బిగించాలని. చూడటానికి బంగారు వర్ణంలో ముచ్చటగా ఉంటుంది, నిజమే. నేను అడిగినది ఒక్కటే. ఇప్పుడున్న బ్రేకు పట్టినప్పుడు ముందు టైరు దాని పట్టు తుది దాకా వెళుతోందా, ఎ.బి.ఎస్. లేచి లివరు వేలికింద కొట్టుకుంటోందా? "అవును మావయ్యా, కొడుతుంది" అన్నాడు. అయితే ఇక ఎంత పెద్ద క్యాలిపరు పెట్టినా ఆగే దూరం తగ్గదు. బండిని ఆపేది చివరకు బ్రేకు కాదు, టైరుకూ నేలకూ మధ్య ఉన్న అరచేయంత చోటు. చల్లని బ్రేకుతో ఒకసారి ఆగడానికి కంపెనీ ఇచ్చినది చాలు. పందెపు బాట మీద సమస్య పదిహేనవసారి ఆగడం. ఆ సమస్యకు మందు వేరు.

మొదటిది బ్రేకు నూనె. ఇది అందరికంటె చవకది, అందరూ మరచేది. ఈ నూనె గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చిన తరువాత ఆ హద్దు 155కు పడిపోవచ్చు. డాట్ 5.1కి ఈ అంకెలు 260, 180. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే చిన్నది కాదు గాని ఆవిరిని నొక్కితే అవుతుంది. అప్పుడు లివరు మెత్తగా హ్యాండిలు దాకా వచ్చేస్తుంది, ప్యాడ్ల మీద ఒత్తిడి పడదు. రెండేళ్ళు మార్చని నూనెతో బాట ఎక్కడం నా దృష్టిలో బ్రేకు లేకుండా ఎక్కడమే. (డాట్ 5 అని ఇంకొకటి ఉన్నది. అది సిలికాను నూనె, అంకె దగ్గరగా ఉన్నదని వీటిలో కలపకూడదు.)

రెండవది ప్యాడ్లు. ఇక్కడ మా ఇద్దరికీ వాదన జరిగింది. వాడు అచ్చమైన పందెపు ప్యాడ్లు కావాలన్నాడు. అవి వేడెక్కితే గాని పట్టవు. పొద్దున్నే ఇంట్లోంచి బయలుదేరి మార్కెట్టు యార్డు మలుపు తిరిగేసరికి మిరప టిక్కీల ట్రాక్టరు ఎదురయితే ఆ చల్లని ప్యాడ్లు ఏం చేస్తాయి? వాడికి బండి ఒక్కటే, ఊళ్ళోనూ అదే, బాట మీదా అదే. అటువంటివారికి రోడ్డుకూ బాటకూ మధ్యస్థంగా ఉండే సింటర్డ్ ప్యాడ్లు, అంటే లోహపు పొడిని కరగనీయకుండా వేడితో ముద్దకట్టించి చేసినవి, మేలు. పందెపు ప్యాడ్లు వ్యానులో బండిని బాట దాకా మోసుకుపోయేవారివి.

మూడవది గొట్టాలు. కంపెనీ రబ్బరు గొట్టం వేడికీ ఒత్తిడికీ రవ్వంత ఉబ్బుతుంది. చుట్టూ ఉక్కుతీగె అల్లిన గొట్టం ఉబ్బదు, వేలు చెప్పిన మాట ప్యాడ్లకు ఉన్నదున్నట్టు చేరుతుంది. ఇక్కడితో సరి. క్యాలిపరు మార్చదలచినవారు మాస్టర్ సిలిండరు లెక్క కూడా చూసుకోవాలి. కింద పిస్టన్లు పెద్దవయి పైన సిలిండరు పాతదే అయితే లివరు చాలా దూరం లోపలికి రావలసివస్తుంది. డబ్బు పెట్టి మెత్తని బ్రేకు కొనుక్కున్నట్టవుతుంది. ఇటలీలోని బెర్గామో వద్ద 1961లో పుట్టిన బ్రెంబో వారే మనబోటి బండ్ల కోసం బైబ్రే పేరిట బ్రేకులు చేస్తున్నారు. మేనల్లుడి బండికి ఉన్నది అదే. ఆ మాట చెప్పాక బంగారు క్యాలిపరు ప్రస్తావన కొంత తగ్గింది.

ఈ మూడింటికీ కలిపి 60 వేలలో ఎనిమిది, పదివేలు పోతాయి. మిగిలినదంతా తోలుకే పెట్టమన్నాను.

* * *

పందెగాళ్ళ తోలు సూటు చర్మాన్ని కాపాడటానికి పుట్టిందని చాలామంది అనుకుంటారు. తోలు కోటూ తోలు లాగూ అందుకోసమే మొదటినుంచీ ఉన్నాయి. వాటిని కలిపి ఒకే తొడుగుగా కుట్టించినది మాత్రం గాలి కోసం. ఇంగ్లండులోని సెయింట్ హెలెన్స్ ఊరివాడు జెఫ్ డ్యూక్, 1950లో తమ ఊరి దర్జీ ఫ్రాంక్ బార్కర్ చేత, ఒంటికి అతుక్కునేట్టు, గాలికి ఎక్కడా రెపరెపలాడకుండా ఒక సూటు కుట్టించుకున్నాడు. నవ్వినవాళ్ళే తరువాత దర్జీ కోసం వెతుక్కున్నారు. మోకాలిని నేలకు ఆనించి మలుపు తిరిగే పద్ధతి 1970ల చివర వ్యాపించాక మోకాటి బిళ్ళలు వచ్చాయి. ఇటలీలో 1972లో లీనో డైనేజె స్థాపించిన సంస్థ 1979లో బ్యారీ షీన్ కోసం వెన్నెముకకు పెంకు చేసింది. 2018 నుండి మోటో జి.పి. పందేలలో గాలిసంచీ ఉన్న సూటు తప్పనిసరి. ఇదంతా పాశ్చాత్యుల కథ. వస్తువు వాళ్ళదే, తోలు కథ మాత్రం మన గడపలో నుండే పోతుంది.

పచ్చి చర్మం రెండు రోజుల్లో కుళ్ళుతుంది. దాన్ని తోలుగా నిలబెట్టేది పదును. మన పల్లెల్లో ఆ పని లందలో జరిగేది. సున్నంలో నాననిచ్చి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క ఊరిన నీటిలో రోజుల తరబడి ముంచి తీసేవారు. బతుకమ్మలో పేర్చే, డొంక గట్ల మీద పచ్చగా పూసే ఆ తంగేడే. దాని బెరడులో ఉన్న వగరు చర్మంలోని పోగులను పట్టి కడుతుంది. ఆ విద్య మాదిగలది. రంపెతో కోసి, ఆరెతో పొడిచి కుట్టి, వాళ్ళు చేయని వస్తువు లేదు. చెప్పులు, పగ్గాలు, డప్పు, అన్నిటికంటె ముఖ్యంగా మోట. నాగార్జునసాగరు కుడి కాలువకు 1967లో నీళ్ళు వదిలే దాకా మా తాతగారి మిరపతోట బతికినది మోటబావి మీద. తోలుతో కుట్టిన ఆ పెద్ద తిత్తి, దాని తొండం, దిగుడు బాటలో వెనక్కూ ముందుకూ నడిచే ఎద్దులు, నాకు చిన్నప్పటి మసక జ్ఞాపకం. మోట కుట్టినవాడికి కల్లంలో మేర కొలిచేవారు, గింజ తక్కువ కాకుండా. అదే మనిషి అదే బావి నీళ్ళు చేదుకోరాదు. తన చేతులతో కుట్టిన తోలులో పైకి వచ్చిన నీళ్ళు అవి.

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా తన గబ్బిలానికి నాయకుణ్ణి ఈ కులం నుండే తీసుకున్నాడు. అరుంధతీసుతుడని గౌరవంగా పిలిచాడు. సత్తెనపల్లి నుండి వినుకొండ ఎంత దూరమో ఈ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు.

తంగేడు చెక్కతో పదునుచేసిన మద్రాసు తోళ్ళకు లండను బజారులో 'ఈస్టిండియా' తోళ్ళని పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైనికుల బూట్లకు అవే పోయాయి. కాని చెక్క పదును తోలు బిగువుగా ఉంటుంది, వేడినీటికి త్వరగా ముడుచుకుపోతుంది. పందెపు సూటుకు అది పనికిరాదు. దానికి కావలసినది క్రోమియం లవణాలతో చేసే పదును. ఇది 1880లలో అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్ సాధించిన పద్ధతి. తోలు మెత్తగా ఉంటుంది, నీటికీ వేడికీ ఓర్చుకుంటుంది.

ఈ క్రోము పదును మద్రాసు రాజధానికి ఎలా వచ్చిందన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. 1900ల తొలి సంవత్సరాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు ప్రభుత్వం తరఫున ఇక్కడ క్రోము తోలు ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయన మనసులో ఉన్న ముఖ్యమైన సరుకు మన మోట. చెక్క పదును మోట నీళ్ళలో నాని త్వరగా చివుకుతుంది గనుక, క్రోము తోలుతో చేస్తే రైతుకు ఎక్కువకాలం వస్తుందని. తరువాత మద్రాసు శివారున ఒక క్రోము తోలు కంపెనీ వెలిసింది. ఆ ఊరే నేటి క్రోంపేట. 1948లో అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. ఇరుంగట్టుకోట్టై పోయే కుర్రవాళ్ళు మద్రాసు దక్షిణం వైపున తిరిగితే ఈ రెండు ఊళ్ళూ తగులుతాయి. ఒంటి మీది సూటుకూ తాతల నాటి మోటకూ పదును ఒకటేనని వాళ్ళకు చెప్పేవారు లేరు.

ఇక సూటు ఎంపిక. వందకిలోమీటర్ల వేగంలో పడిన మనిషి తోలు సూటులో రమారమి అరవై మీటర్లు జారతాడు, నాలుగు సెకన్లకు పైగా. అంతసేపూ అరుగుతున్నది తోలైనా కావాలి, చర్మమైనా కావాలి. ఐరోపావారి పాత ప్రమాణం ఒకటి, తిరిగే గరుకుపట్టా మీద తోలు 4 సెకన్లు నిలిస్తే మొదటి స్థాయి, 7 సెకన్లు నిలిస్తే రెండవ స్థాయి అని పెట్టింది. ఇప్పుడున్న ఇ.ఎన్. 17092 ప్రమాణంలో మూడు ఎ.లు ఉన్నది ఉత్తమం, తరువాత రెండు, తరువాత ఒకటి. బాటకు మూడు ఎ.ల సూటే కొనమన్నాను. తోలు 1.2 నుండి 1.4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. కంగారూ తోలు పలచగా ఉండి కూడా గట్టిది, దాని పోగులు ఒకే దిక్కున పరుచుకుని ఉంటాయి గనుక. ధర వాడికి అందదు. మన దేశంలో కుట్టే సూట్లలో గేదెతోలు కూడా వాడతారు. అది బరువు, కాస్త మొద్దు. మందం సరిగా ఉంటే పరవాలేదు.

తోలు కంటె ముందు తెగేది కుట్టు. భుజం, మోచేయి, పిరుదు, మోకాలు, ఈ నాలుగు చోట్లా అతుకులు తక్కువ ఉండాలి, ఉన్నవి రెండు మూడు వరుసల కుట్టుతో, కనీసం ఒక వరుస లోపల దాగి ఉండాలి. పైకి కనిపించే దారం నేలకు రాసుకుని తెగినా లోపలిది పట్టి ఉంచుతుంది. దారం నైలానుదో పాలియెస్టరుదో కావాలి. పత్తి పండించేవాళ్ళం చెప్పవలసిన మాట కాదు గాని, ఇక్కడ నూలుదారం పనికిరాదు. లోపల వేసుకునే బనీను కూడా నూలుది వద్దు. చెమట పట్టి ఒంటికి అంటుకుపోతుంది, మద్రాసు ఎండలో రెండవ విడత నాటికి సూటు విప్పడమూ తొడగడమూ మల్లయుద్ధమవుతుంది. భుజం, మోకాటి రక్షణబిళ్ళల మీద ఇ.ఎన్. 1621 ముద్ర చూడాలి. వెన్నుకు రెండవ స్థాయిది విడిగా కొనాలి, సూటుతో వచ్చే పలచని నురుగు ముక్కను నమ్మరాదు.

కొలతల సంగతి వాడిని అద్దం ముందు నిలబెట్టి చెప్పలేదు, బండి మీద కూర్చోబెట్టి చెప్పాను. పందెపు సూటు నిలబడినప్పుడు సుఖంగా ఉంటే అది తప్పు సూటు. వంగి ట్యాంకు మీద ఛాతీ ఆనించినప్పుడు సరిపోవాలి. నిటారుగా నిలిస్తే భుజాలను కిందికి లాగుతున్నట్టుండాలి. వదులుగా ఉంటే పడినప్పుడు మోచేతి బిళ్ళ మోచేతి దగ్గర ఉండదు, పక్కకు తిరుగుతుంది. వాడి స్నేహితుడొకడు అంతర్జాలంలో సగం ధరకు వచ్చిందని ఏ ప్రమాణముద్రా లేని సూటు తెప్పించుకున్నాడు. పైకి నిగనిగలాడుతున్నది. లోపలి వైపు తిప్పి చూస్తే ఒకే వరుస కుట్టు, అదీ అంగుళానికి నాలుగు పోట్లు. ఆరె పట్టిన మన ఊరి ముసలాయన ఎవరైనా దాన్ని చూసి ఉంటే చెప్పు కూడా ఇలా కుట్టనని అనేవాడు.

వాడు చివరకు మద్రాసులో ఒక కుట్టుశాలకు స్వయంగా పోయి కొలతలిచ్చి వచ్చాడు. ఒంటి ముక్క సూటు, ఛాతీకీ తొడలకీ సన్నని రంధ్రాలు, మోకాలి వెనుక సాగే గుడ్డ. నలభై వేల లోపే అయింది. వెన్నుపెంకుకు విడిగా అయిదు వేలు. మిగిలిన డబ్బులో నూనె, ప్యాడ్లు, ఉక్కు గొట్టం అమిరాయి. గ్లవుజులు, బూట్లు మటుకు ఇంకొక పంటకాలం దాకా అద్దెవే.

సూటు వచ్చిన వారానికి ఒక రోజు ఫోను చేస్తే, చెమట వాసన పోవడానికి డాబా మీద ఎండబెట్టానన్నాడు. ఏప్రిలు నెల, సత్తెనపల్లి ఎండ, పక్కనే వాళ్ళ అమ్మ పరిచిన మిరపకాయలు. వెంటనే నీడలోకి తీయించాను. తోలులోని జిడ్డు ఎండకు ఆరితే పెళుసెక్కి, జారే మాట దేవుడెరుగు, వంగినచోటనే పగులుతుంది. తడిగుడ్డతో తుడిచి, వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి, నెలకొకసారి తోలుకు పట్టించే నూనె రాయమన్నాను. మోట తోలుకు మా తాతగారి జీతగాడు ఆముదం రాసేవాడు. సూటుకు ఆముదం మాత్రం వద్దు, ధూళి పట్టి కుట్లు జిగురవుతాయి.